చాక్లెట్ పెరుగు ఐస్‌క్రీం: మిషనా, డబ్బానా, మిక్సీనా?

మొన్న మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు ఆ పెరుగు ఐస్‌క్రీం మిషన్‌లో చేస్తున్నవా, ఉత్త డబ్బాలోనా? మా ఆయన మిషన్ ఆర్డర్ పెడ్తా అంటుండు. పెట్టమనాల్నా, వద్దా?" ఈ ఎండాకాలంలో ఈ ముచ్చట అడిగినవాళ్లలో ఆమె ఐదో మనిషో ఆరో మనిషో. ఆమెకు చెప్పిందే కొంచెం పెద్దగా రాస్తున్న.

మా యారాలు మిషన్ నెల రోజులు మా ఇంట్లోనే ఉన్నది కాబట్టి దాని సంగతి తెల్వక మాట్లాడుతున్న అనుకోవద్దు. ఒక ఆదివారం పని పెట్టుకొని నాలుగు రకాలుగా చేసి చూసిన. మామూలు పెరుగు మిషన్‌లో, మామూలు పెరుగు డబ్బాలో, బట్టలో వడకట్టిన పెరుగు మిషన్‌లో, వడకట్టినదే డబ్బాలో. కోకో, చక్కెర అన్నిట్లో ఒకటే కొలత. ఆ సాయంత్రం పిల్లలు మిషన్‌లో చేసిన రెండూ బాగున్నయన్నరు. తెల్లారి అవే డబ్బాలు మళ్లీ తీసి పెడితే లెక్క మారింది. మిషన్‌లో చేసిన మామూలు పెరుగుది చెంచా దిగనంత రాయి అయింది, నోట్లో పెడితే సేమ్యా ఐస్ లెక్క కరకరమంది. వడకట్టిన పెరుగుతో ఉత్త డబ్బాలో చేసింది మాత్రం మెత్తగనే ఉన్నది.

అందుకే నా లెక్కలో మొదలు చూడాల్సింది పెరుగులో ఉన్న నీళ్లు, మిషన్ సంగతి ఆ తర్వాత. పెరుగులో నూటికి ఎనభైకి పైన నీళ్లే. ఆ నీళ్లు గడ్డకట్టినప్పుడు పలుకులు పెద్దగైతే నాలుకకు ఇసుక తగిలినట్టు ఉంటది. మిషన్ ఏం చేస్తదంటే, గడ్డకట్టే కొద్దీ తిప్పి ఆ పలుకులను చిన్నగ ఉంచుతది, కొంచెం గాలి కూడా పట్టిస్తది. కానీ నీళ్లను మాయం చేయలేదు కదా. తిప్పుడు ఆగి డబ్బా ఫ్రీజర్‌లోకి పోయినంక, మిగిలిన నీళ్లు వాటి పని అవి చేసుకుంటయి.

ఇంకో లెక్క కూడా ఉంది. మన దగ్గర ఐస్‌క్రీం అని పేరు పెట్టి అమ్మాలంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలె. టోన్డ్ పాలలో ఉండేది 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6. లీటరు బర్రెపాల పెరుగు వడకట్టితే నాకు 400 మిల్లీలీటర్ల దాకా నీళ్లు దిగినయి. కొవ్వు దాదాపు అంతా బట్టలోనే ఉండిపోతది కాబట్టి 6 శాతం కాస్తా 10 దగ్గరికి వస్తది. క్రీమ్ డబ్బా కొనకుండనే ఐస్‌క్రీం చిక్కదనం వచ్చినట్టు. వడకట్టిన పెరుగులో చక్కెర కలిపి శ్రీఖండ్ చేసేవాళ్లకు ఇది కొత్త ముచ్చటేం కాదు.

వడకట్టుడులో నేను చేసిన తప్పు ఒకటి చెప్త. మొదటిసారి మా అమ్మ చేసినట్టే ధోవతి ముక్కలో మూట కట్టి వంటింటి నల్లాకు వేలాడదీసిన. అది మే నెల, నల్గొండ. సాయంత్రం మూట విప్పితే పుల్లటి వాసన గుప్పుమంది. అంత పులుపుకు కోకో కలిస్తే దగ్గు మందు తాగినట్టే. ఇప్పుడు పెరుగు తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరుస్త. లోతు గిన్నె మీద జల్లెడ, దాంట్లో తడిపి పిండిన బట్ట, బట్టలో పెరుగు, పైన మూత, మొత్తం రాత్రంతా ఫ్రిజ్‌లోనే. మొదటి గంట నీళ్లు ధారగ దిగుతయి, తర్వాత చుక్క చుక్క. పొద్దున వేలితో నొక్కితే గుంట పడి అట్లనే నిలవాలె. పూడుకుపోతే ఇంకో రెండు గంటలు. కింద దిగిన పసుపుపచ్చ నీళ్లు పారబోయబోతే మా అత్తమ్మ చెయ్యి పట్టుకుంది: "పారబోయకు బిడ్డా, చపాతి పిండి కలపు." నిజమే, చపాతీలు మెత్తగొస్తయి.

పెరుగులో ఏది మేలంటే నా ఓటు బర్రెపాలకే. ఆవుపాల పెరుగు పలుచన, వడకడితే చేతికొచ్చేది తక్కువ. ప్యాకెట్ పెరుగు తెస్తే అది ఫుల్ క్రీమ్ పాలదా, టోన్డ్ పాలదా చూసి తేండి. గ్రీక్ యోగర్ట్ డబ్బాలు తెచ్చుకుంటే వడకట్టే పని తప్పుతది, పర్సు తేలికైతది.

ఇక గడ్డకట్టించే పద్ధతులు. మిషన్‌లో ఎక్కువమంది కొనేది గిన్నెను ముందే ఫ్రీజర్‌లో పెట్టే రకం. ఆ గిన్నె 12 నుంచి 24 గంటలు గడ్డకట్టాలె. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఆ గిన్నె పట్టదు, పట్టినా అంత చల్లబడదు. మా డబుల్ డోర్‌లో పెట్టాలంటే చేపలు, బఠాణీలు అన్నీ బయటికి తీయాల్సి వచ్చింది. పైగా ఒక్కసారి తిప్పితే గిన్నె చల్లదనం అయిపోతది. రెండో వాయ కావాలంటే మళ్లీ రేపే. ఉత్త డబ్బాలో పోసి నలభై నిమిషాలకోసారి తీసి కవ్వంతో గిలకొట్టుడు ఇంకో పద్ధతి. నాలుగుసార్లు గిలకొట్టాలె, తలుపు తీసిన ప్రతిసారి ఫ్రీజర్ వేడెక్కుతది, నడుమ కరెంటు పోయిందంటే కరిగి మళ్లీ గడ్డకట్టి పలుకులు పెద్దగైతయి.

నేను స్థిరపడ్డది మిక్సీకి. కలిపిన మిశ్రమాన్ని ఐస్ ట్రేలలో పోసి రాత్రికి వదిలేస్త. మర్నాడు మిక్సీ జార్‌ను పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, ముక్కలు సగానికి మించకుండా వేసి, ఆపి ఆపి తిప్పుత. మొదలు బండలు కొట్టుకున్నట్టు చప్పుడు, తర్వాత రవ్వ, తర్వాత ఒక్కసారిగ ముద్దయి నున్నగ మెరుస్తది. అక్కడ ఆపాలె, ఇంకా తిప్పితే బ్లేడు వేడికి కరుగుతది. డబ్బాకెత్తి రెండు గంటలు ఫ్రీజర్‌లో పెడితే అయిపోయింది. మిషన్‌లో వచ్చినంత గాలి దీంట్లో రాదు, ఒప్పుకుంట. నాకైతే ఆ చిక్కదనమే ఇష్టం.

ఐస్, దొడ్డుప్పు వేసి చేతితో తిప్పే పాత డ్రమ్ము దొరికితే పిల్లలకు ఒక ఆదివారం గడుస్తది. కండెన్స్‌డ్ మిల్క్, క్రీమ్ గిలకొట్టి చేసేది మెత్తగనే వస్తది కానీ దాంట్లో పెరుగు రుచి వెతుక్కోవాలె.

కోకోనా, చాక్లెట్ బిళ్లనా అని కూడా అడుగుతరు. నేను రెండూ వేస్త. బిళ్ల కరిగించి చల్ల పెరుగులో పోసిన రోజు అది పడ్డ చోటనే గట్టిపడి, ముద్ద నిండా సన్న పలుకులయింది. కోకో వెన్న చలికి అట్లనే బిగుసుకుంటది. అందుకే ఇప్పుడు 100 మిల్లీలీటర్ల పాలలో 40 గ్రాముల కోకో, 130 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు వేసి రెండు నిమిషాలు ఉడికించి, దించినంక 60 గ్రాముల డార్క్ చాక్లెట్ కలుపుత. గోరువెచ్చగ అయినంక అరకిలో వడకట్టిన పెరుగులోంచి రెండు గంటెలు దీంట్లో వేసి గిలకొట్టి, అప్పుడు మిగతా పెరుగు. వేడి మీద వేస్తే పెరుగు విరుగుతది. కోకోలో ముదురు రంగు ఆల్కలైజ్డ్ రకం, అంటే క్షారంతో పులుపు తగ్గించింది, తీసుకుంటే పులుపు మీద పులుపు పడదు. నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ వాళ్లు 19వ శతాబ్దంలో తెచ్చిన పద్ధతి అది. కేకు సామాను షాపుల్లో దొరికే కాంపౌండ్ చాక్లెట్‌లో కోకో వెన్న బదులు వేరే నూనె కొవ్వు ఉంటది, చల్లటి దాంట్లో అది అంగిలికి మైనం లెక్క అంటుకుంటది.

చక్కెర తగ్గిస్తే ఒంటికి మంచిదని సగమే వేసేవాళ్లున్నరు. చక్కెర నీళ్లను తొందరగ గడ్డకట్టనియ్యదు, తగ్గిస్తే మళ్లీ రాయే. కలిపినప్పుడు కొంచెం తీపి ఎక్కువైందనిపించాలె, చలికి నాలుకకు తీపి తక్కువే తెలుస్తది. బెల్లం వేయొచ్చు, కాకపోతే చాక్లెట్ కంటే బెల్లమే ముందు పలుకుతది. మన నల్గొండ బత్తాయి కదా అని ఒకసారి అరగ్లాసు రసం పోసిన. రాత్రంతా దింపిన నీళ్లను మళ్లీ నా చేతులతోనే పోసినట్టయింది.

వడ్డించే ముందు డబ్బా బయట పెట్టుడు మర్చిపోవద్దు. చలికాలం అయితే పదిహేను నిమిషాలు. మే నెలలో మా వంటింట్లో ఐదు నిమిషాలు చాలు. ఫోన్ మాట్లాడుకుంట పది దాటిస్తే ఇంక గిన్నెలు పక్కకు పెట్టి గ్లాసులు తీయాల్సిందే.