రథయాత్రలో లేబుల్ లేని విత్తనాలు కొన్నారా? ఆనపకాయ చేదు చూడకుండా వండకండి

ఒడిశా పర్లాకిమిడిలో గానీ, ఏరు దాటి మన ఆంధ్రా వైపు పాతపట్నంలో గానీ ఈసారి రథయాత్రప్పుడు రోడ్డు పక్క బల్లల మీద పెరటి విత్తనాలు కొన్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఆ విత్తనంతో మా పెరట్లో కాసిన ఆనపకాయ (సొరకాయ) తిని మా అత్తయ్య రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇప్పుడు కులాసాగానే ఉన్నారు.

చిన్న ప్లాస్టిక్ కవరు, పైన పిన్ను కొట్టి ఉంది. లోపల కాయ బొమ్మ చీటీ, దాని మీద ‘హైబ్రిడ్’ అన్న ఒక్క మాట. కంపెనీ పేరు, లాట్ నంబరు (ఏ విడత విత్తనమో చెప్పేది), పరీక్ష చేసిన తేదీ ఏవీ లేవు. ప్యాకెట్టు 20 రూపాయలు, ఆరు కొంటే వంద. ఆనప, బీర, బెండ, వంగ, రామములగ (టమాటా), మిరప తీసుకున్నాను. బిల్లు అడగలేదు. అక్కడే తప్పు చేశాను.

బెండ 20 గింజలు పెడితే 7 మొలిచాయి. వంగ అసలు లేవలేదు. ఆనప, బీర మాత్రం బాగా ఎక్కాయి. అత్తయ్య రోజూ పాదుకి నీళ్లు పోసి, గత్తం వేసి, ఆకుల మీద బూడిద చల్లి పసిబిడ్డలా చూసుకున్నారు. వినాయక చవితి వెళ్లిన రెండో రోజు మొదటి కాయ కోశాం. లేతగా నిగనిగలాడుతూ ఉంది. చింతపండు, బెల్లం వేసి పులుసు పెట్టాను. ఆ పులుపూ తీపీ చేదుని సగం కప్పేశాయి. మా ఆయన ఒక ముద్దకే పక్కన పెట్టేశారు. మొదటి కాయ పారేయకూడదని అత్తయ్య గిన్నెడు తిన్నారు. గంట తిరక్కుండానే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ‘కాయ చేదుగా ఉందా?’ అని. దీనికి విరుగుడు మందంటూ లేదట. సెలైన్ పెట్టి కనిపెట్టుకుని ఉండటమే.

ఆనప, బీర, దోస జాతి కాయల్లో చేదు పుట్టించేది కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం. ఉడికించినా పోదు. చేదుగా ఉన్న ఆనపకాయ రసం తాగొద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ ఎప్పుడో చెప్పింది. పక్కింటి ఒడియా మావుసీ అయితే కాయ ముక్క నాలుకకి తగిలించి ‘పితా లాఉ’, అంటే చేదు ఆనప అని వెంటనే ఉమ్మేసింది. ఆ పని వండే ముందు నేను చెయ్యాల్సింది.

మంచి కాయ గింజ నుంచి చేదు కాయ ఎలా వస్తుందని చాలా ఆలోచించాను. చుట్టుపక్కల చేదుగా ఉండే వెర్రి ఆనప ఉంటే దాని పుప్పొడి పురుగుల వల్ల మంచి తీగ పువ్వు మీద పడుతుంది. ఆ కాయ రుచి మారదు, లోపలి గింజ మారిపోతుంది. ఆ గింజ నాటినవాడి ఇంట్లోనే చేదు బయటపడుతుంది. గింజని చూసి ఎవరూ గుర్తుపట్టలేరు. అందుకే విత్తనం తీసేవాళ్లు వేరే తీగలకి దూరంగా పండించాలి. పేరు లేని కవరు వెనక ఆ జాగ్రత్త ఉందో లేదో మనకెలా తెలుస్తుంది?

ఇకనుంచి నేను చూసేవి ఇవి: రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం, ఎన్నాళ్ల వరకు పనికొస్తుందన్న తేదీ. సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది. మొలక శాతం బెండకి కనీసం 65, వంగ, టమాటాలకి 70, ఆనప, బీరలకి 60 ఉండాలి. మా బెండ 20కి 7 అంటే 35. నాటే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూసినా ఈ సంగతి తెలిసేది. చేదు మాత్రం ఆ పరీక్షలో తేలదు.

బిల్లు తప్పకుండా తీసుకోండి, కవరు కూడా దాచండి. నాసిరకం విత్తనాల మీద వినియోగదారుల కోర్టుకి వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. నా చేతిలో ఏ కాగితమూ లేదు, ఆ బల్లా రథం రోజులతోనే వెళ్లిపోయింది.

ఆనప పాదు పీకేశాం. బీర తీగ ఇంకా పందిరి మీదే ఉంది, నాలుగు పిందెలు దిగాయి. మీరూ అలాంటి ప్యాకెట్టే కొని ఉంటే ప్రతి కాయనీ విడిగా చిన్న ముక్క కోసి, నాలుక చివర పెట్టి ఉమ్మేయండి. కొంచెం చేదనిపించినా ఆ కాయ వండకండి, పశువులకీ వెయ్యకండి. ఒకవేళ ఇప్పటికే తిని వాంతులు మొదలైతే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి చేదు కాయ తిన్నారని చెప్పండి.