నాలుగేళ్ల తర్వాత మా హాల్లో చెక్క గోడ

విశాఖలో మా ఫ్లాట్‌లో టీవీ వెనక గోడకి నిలువు గాడుల ప్యానెల్ వేయించి నాలుగేళ్లయింది. నేల నుంచి సీలింగ్ దాకా, టేకు వెనీర్ (పల్చటి చెక్క పొర) అంటించిన ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో కలిపి అదిమి చేసిన పలక. మొదటి ఏడాది ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ దాని ముందు నిలబెట్టి, లైటు వేసి మరీ చూపించాను. మా తోడల్లుడు నా మాట నమ్మి నిజామాబాద్‌లో వాళ్లింట్లోనూ అదే వేయించుకున్నాడు.

అందం విషయంలో అప్పుడన్న మాట ఇప్పటికీ అంటాను. కాకపోతే ఆ గాడుల్లో దుమ్ము గుడ్డకి అందదు. ఆదివారం ఆదివారం పెయింట్ బ్రష్ పట్టుకుని కూర్చోవాలి.

అసలు కోపం అది కాదు. మూడో వానాకాలంలో గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీకి జానెడు పైన ఒక చోట వేలికి ఉబ్బుగా తగిలింది. తడిగుడ్డతో తుడుస్తున్నందుకేమోనని పనమ్మాయిని ఒక మాట అన్నాను, పాపం. తర్వాత హాలంతా పాత నోటు పుస్తకాల వాసన. దీపావళికల్లా వెనీర్ అంచు లేచింది. గోటితో లాగితే కింద ఎండీఎఫ్ టీలో ముంచిన బిస్కెట్‌లా రాలింది.

ఆ గోడకి అవతల బాత్రూమ్. పైపు జాయింట్ దగ్గర సన్నగా కారుతోంది. ఉత్త రంగు గోడైతే పెచ్చులు లేచి ముందే చెప్పేసేది. ఈ చెక్క నెలల తరబడి చెమ్మంతా తాగి గుట్టుగా కూర్చుంది. పైగా ముందు గోడకి రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) కొట్టకుండా నేరుగా గోడకే గమ్ముతో అంటించారు. అంగుళం జాగా కలిసొస్తుందంటే నేనే సరేనన్నాను. పీకితే ప్లాస్టరింగ్ కూడా పెళ్లలుగా ఊడొచ్చింది. పైపు బాగుచేయడం గంట పని, గోడ బాగుచేయడానికి తొమ్మిది రోజులు.

అదే హాల్లో నేనెప్పుడూ ఎవరికీ చూపించని గోడ ఇంకొకటుంది. భోజనాల బల్ల వెనక, నడుము ఎత్తు దాకా, ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు తలుపుల పలకలు. వాటిని రీపర్ల మీద స్క్రూలతో బిగించి, పైనా కిందా గాలాడేలా సందు వదిలారు. జనవరిలో పలకల మధ్య పోస్టుకార్డు దూరుతుంది, ఆగస్టులో దూరదు. అంతకుమించి తేడా లేదు. అనుమానమొస్తే నాలుగు స్క్రూలు తీసి వెనక ఏముందో చూసుకోవచ్చు.

అలాగని అందరూ టేకే కొనాలని చెప్పలేను. మాకు పలకలు ఇంట్లోవే, కూలి మాత్రమే అయింది. పైగా మాది సముద్రపు గాలి తగిలే ఇల్లు. మా తోడల్లుడి గోడకి అవతల బెడ్‌రూమ్, నీళ్ల పైపు లేదు. మొన్న వెళ్లి గోరు పెట్టి చూశాను, ఎక్కడా ఉబ్బలేదు. ఏం వెతుకుతున్నావని నవ్వాడు.

మా గోడకి మళ్లీ ఏం వేయాలో ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి మా ఆవిడ అక్కడ క్యాలెండర్ తగిలించింది.