రా ఫైల్లో ఉన్న జేపెగ్‌ని బయటికి తీసే ఎక్సిఫ్‌టూల్: నా అనుభవం

మొన్న మారతహళ్లిలో ఒక పెళ్లి. పొద్దున ముహూర్తం, అదే సాయంత్రం రిసెప్షన్. భోజనాల దగ్గర పెళ్లికూతురి నాన్నగారు వచ్చి, "బాబూ, పొద్దుటి ఫోటోలు సాయంత్రం స్టేజీ పక్కన తెర మీద వెయ్యాలి, ఊరి నుంచి వచ్చినవాళ్లంతా చూస్తారు" అన్నారు. నేను తీసినవన్నీ రా ఫైళ్లే, అంటే కెమెరా సెన్సర్ పట్టినదంతా దిద్దకుండా దాచే పెద్ద ఫైళ్లు, తొమ్మిది వందల పైచిలుకు. నా పాత ల్యాప్‌టాప్ వాటన్నిటినీ ఎక్కడైనా తెరుచుకునే మామూలు ఫోటో ఫైళ్లుగా, అంటే జేపెగ్‌లుగా, మార్చేసరికి రిసెప్షనే అయిపోతుంది. ఒకటే టెన్షన్.

ఆ పూట గట్టెక్కించింది ఎక్సిఫ్‌టూల్. ఫిల్ హార్వే రాసిన ప్రోగ్రామ్, పూర్తిగా ఉచితం. నా నికాన్ డీ750 ప్రతి రా ఫైల్లోనూ 6016 × 4016 పిక్సెళ్ల జేపెగ్ ఒకటి పెట్టి ఉంచుతుంది. కెమెరా వెనక స్క్రీన్ మీద మనం జూమ్ చేసి చూసుకునేది దాన్నే. ఎక్సిఫ్‌టూల్ కొత్తగా ఏదీ తయారుచెయ్యదు, లోపలున్నదాన్ని తీసి ఇస్తుంది. అందుకే అంత వేగం. ఫోల్డరంతటికీ ఒకే కమాండ్ ఇచ్చి, కాఫీ తాగి వచ్చేలోపు అన్నీ సిద్ధం. అన్ని కెమెరాలకూ ఈ సుఖం లేదు. సోనీ ఏ6000 రా ఫైల్లో ఉండేది 1616 × 1080 మాత్రమే. తెరకు సరిపోతుంది, ఆల్బమ్‌కు చాలదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ జేపెగ్ కెమెరా తన సెట్టింగుల ప్రకారం వండి పెట్టింది. నేను రంగులు గాఢంగా చూపించే వివిడ్ సెట్టింగులో పెట్టి తీశాను. తలంబ్రాల ఫోటోలో పెళ్లికూతురి మధుపర్కం తెల్లగా మాడిపోయి, ఒక్క మడతా కనిపించలేదు. కెమెరాలో వెలుగునీడల పంపకం చూపించే గ్రాఫు, హిస్టోగ్రామూ ఆ జేపెగ్ లెక్కే కాబట్టి అదీ భయపెట్టింది. రాత్రి అదే రా ఫైల్‌ని ఫోటోలు దిద్దే లైట్‌రూమ్‌లో తెరిచి హైలైట్స్, అంటే బాగా వెలుగున్న భాగాలు, తగ్గిస్తే మడతలన్నీ తిరిగొచ్చాయి. ఎందుకంటే జేపెగ్‌లో ఒక్కో రంగుకు వెలుగులో 256 మెట్లే, 14 బిట్ల రా ఫైల్లో 16,384.

లోపాలూ ఉన్నాయి. బటన్లేమీ ఉండవు, నల్ల విండోలో టైప్ చెయ్యాలి. నిలువు ఫోటోలన్నీ పక్కకు పడుకుని వచ్చాయి. రా ఫైల్లోని వివరాలను జేపెగ్‌లోకి కాపీ చేసే ఇంకో కమాండ్ ఇస్తేగానీ లేచి నిలబడలేదు. అయినా పెళ్లిళ్లు తీసేవాళ్లందరి ల్యాప్‌టాప్‌లోనూ ఇది ఉండాలంటాను.

ఏడింటికి తెర మీద మొదటి ఫోటో పడింది. జీలకర్ర బెల్లం పెడుతున్న చేతులు. పెళ్లికూతురి అమ్మమ్మగారు కుర్చీ ముందుకు వేయించుకుని కూర్చున్నారు.