జాగ్రత్త: ‘ద కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ కొనేవాళ్లు ముందు అధ్యాయాలు లెక్క చూసుకోండి

ఈమధ్య ఏం చదువుతున్నావని ఎవరడిగినా ఒకే పేరు చెప్తూ వచ్చాను: అలెగ్జాండర్ డ్యూమా రాసిన ‘ద కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’, ఇంగ్లీషు అనువాదం. చెప్పి ఊరుకోలేదు, నేను కొన్న లింక్ కూడా పంపాను. నా మాట మీద ముగ్గురు కొన్నారు. ముగ్గురికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఇంకెవరూ అలా ఇరుక్కోకూడదని ఇది రాస్తున్నాను.

ఎప్పుడో చదివిన స్నేహితురాలు ఒకామె మాటల్లో, రోమ్ కార్నివాల్ ఘట్టం ఎలా అనిపించిందని అడిగింది. నాకేమీ గుర్తు రాలేదు. పుస్తకం తీసి వెతికితే అసలా ఘట్టమే లేదు. నా ప్రతిలో కథ మార్సెయ్ నుంచి నేరుగా పారిస్‌కి దూకేసింది. చదివేటప్పుడు కథ భలే వేగంగా నడుస్తోంది అనుకున్నానే తప్ప, మధ్యలో కోసేశారని తట్టలేదు.

పూర్తి నవలలో 117 అధ్యాయాలు ఉంటాయి. నా దాంట్లో ఉన్నవి 73. అట్ట మీద గానీ లోపల గానీ ‘సంక్షిప్తం’ అన్న మాట ఎక్కడా లేదు. సంక్షిప్త ప్రతులు ఉండడం తప్పని నేను అనను, తీరిక లేనివాళ్లకి అవి బాగానే ఉంటాయి. ఆ మాట చెప్పకుండా అమ్మడమే మోసం.

ఉన్న పేజీలైనా సరిగ్గా లేవు. ఒక చోట ‘మోడర్న్’ అని ఉండాల్సింది ‘మోడెమ్’ అని అచ్చయింది. 1844లో పత్రికలో సీరియల్‌గా మొదలైన నవలలో, ఇంటర్నెట్‌కి వాడే మోడెమ్! పాత పుస్తకాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌తో అక్షరాలు చదివిస్తే, పక్కపక్కనున్న ‘ఆర్’, ‘ఎన్’లను అది ‘ఎమ్’ అనుకుంటుంది. ఆ తర్వాత ఒక్క మనిషైనా ప్రూఫు చూడలేదన్నమాట. డ్యూమా 1870లో పోయారు. మూలం మీదా, 19వ శతాబ్దపు పాత అనువాదాల మీదా ఇప్పుడు ఎవరికీ హక్కులు లేవు. ఎవరైనా వేసి అమ్ముకోవచ్చు. అందుకే ఇలాంటి పాత నవలల్లో ఈ బెడద ఎక్కువ.

మరి నేను కొన్న చోట దానికి అన్ని మంచి రివ్యూలు ఎలా కనిపించాయి? ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఒకే పేరున్న వేర్వేరు ప్రచురణల రివ్యూలన్నీ కలిపి ఒకే చోట చూపించారు. జనం మెచ్చుకున్నది వేరే ప్రతిని, నా ఇంటికి వచ్చింది ఇంకొకటి. సంగతి తెలిసేసరికి వాపసు గడువు దాటిపోయింది. అమ్మినవాళ్లకి రెండుసార్లు రాసినా జవాబు లేదు.

అందుకని, పుస్తకం పేరుతో కాకుండా ఐఎస్‌బీఎన్ నంబరుతో, అంటే ఒక్కో ప్రచురణకి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్యతో, వెతకండి. 2007 నుంచి అది 13 అంకెలు. ఒకే ప్రచురణలో కూడా గట్టి అట్టకి ఒకటి, పేపర్‌బ్యాక్‌కి ఒకటి ఉంటుంది. లోపలి పేజీలు చూపిస్తుంటే హక్కుల పేజీ తెరిచి అనువాదకుడి పేరు, ప్రచురణ సంవత్సరం ఉన్నాయేమో చూడండి. నా ప్రతిలో ఆ పేజీ దాదాపు ఖాళీ. అనువాదం చేసినవాళ్ల పేరే వేయని పుస్తకాన్ని ఇక మీదట నేను కొనను. అలాగే మీరు ఎవరికైనా పుస్తకం సిఫారసు చేస్తే, దయచేసి అనువాదకుడి పేరు కూడా చెప్పండి. నేను అది చెప్పకపోవడం వల్లే ముగ్గురి డబ్బు పోయింది.

పూర్తి పాఠం కావాలంటే పెంగ్విన్ వేసిన రాబిన్ బస్ అనువాదం, 1996 నాటిది, ఉంది. 1200 పేజీల పైమాటే. నేను అది తెప్పించుకుని మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను, నిన్న రాత్రే రోమ్ చేరాను.

మీరు ఈమధ్యే కొని ఉంటే, చదవడం తర్వాత. ఇవాళే విషయసూచిక తెరిచి చివరి అధ్యాయం సంఖ్య చూడండి. 117 కాకపోతే గడువు దాటకముందే వాపసు పెట్టేయండి.