నాలుగు మామిడి సీజన్లు వాడాక: లాట్ వారీ రికవరీ రిపోర్టు

చిత్తూరు దగ్గర మా చిన్నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు, స్టోరు రెండూ నేనే చూస్తాను. 2022 సీజన్ నుంచి ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. బిల్లులు, జీఎస్టీ, బ్యాంకుకిచ్చే స్టాకు స్టేట్‌మెంటు గురించి ఏమీ రాయను, అవి ఎందులోనైనా అవుతాయి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక్క రిపోర్టు గురించే. గేటు దగ్గర కాటా వేసిన ప్రతి లోడుకూ ఒక లాట్ నంబరు పడుతుంది. ఆ లాట్‌కు వంద కిలోల కాయకు ఎంత గుజ్జు వచ్చింది (దీన్నే రికవరీ అంటాం), కిలో గుజ్జుకు కాయ ఖర్చు ఎంత పడింది అన్నది పల్పర్, అంటే గుజ్జు తీసే యంత్రం, ఆగిన మర్నాడు పొద్దునకల్లా కనిపిస్తుంది. నాలుగేళ్లయినా సీజన్లో ఆఫీసుకు రాగానే నేను ముందు తెరిచేది అదే.

అంతకుముందు మాది సరాసరి లెక్క. తోతాపురి పూర్తిగా అయిపోయాక మొత్తం కాయ, మొత్తం గుజ్జు చూసి “ఈ ఏడు 53 పడిందమ్మా” అనేవారు చిన్నాయన. అంటే వంద కిలోల కాయకు 53 కిలోల గుజ్జు. ఎవరి కాయ బాగా దిగింది, ఎవరిది ముంచింది అన్నది అందులో తెలియదు. తెలిసినా అప్పటికి చేసేదేముంది, ర్యాంపులకు, అంటే రైతుల కాయ కొని మాకు పంపే వ్యాపారులకు, డబ్బు కట్టేసి ఉంటాం.

రెండో సీజన్లో ఒకరోజు రెండు లాట్లు పక్కపక్కన కనిపించాయి. దామలచెరువు వైపు ర్యాంపు నుంచి కిలో 18 రూపాయలకు కొన్నది ఒకటి, 10,020 కిలోలు. బంగారుపాళ్యం వైపు తోట నుంచి 20 రూపాయలకు కొన్నది ఇంకొకటి, 9,840 కిలోలు. మొదటి దానికి 4,810 కిలోల గుజ్జు వచ్చింది, రెండో దానికి 5,510. కిలో గుజ్జుకు కాయ ఖర్చు చూస్తే 18 రూపాయల కాయకు 37.50, 20 రూపాయల కాయకు 35.72 పడింది. రెండు రూపాయలు బేరమాడి తగ్గించుకున్నామని సంబరపడిన సరుకే మాకు ఎక్కువ ఖరీదైంది! చిన్నాయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. “ఇన్నేళ్లూ మనం కాయ రేటే చూశామమ్మా” అన్నారు. ఆ సాయంత్రమే ఆ ర్యాంపుకు ఫోన్ చేసి ఇక లోడు పంపొద్దని చెప్పేశాం.

అప్పట్లో ఈ రిపోర్టు గురించి నేను చెప్పని మనిషి లేడు. తెలిసిన ఫ్యాక్టరీల్లో అకౌంట్లు చూసేవాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఇప్పుడు చెప్పాల్సి వస్తే కొంచెం ఆగి చెబుతాను.

మరుసటి సీజన్ మొదట్లో ఆ ర్యాంపు ఆయనే ఆఫీసుకు వచ్చారు. కోపంగా ఏమీ లేరు. “పాపా, మా కాయలో ఏం లోపం కనిపించింది? చెబితే సరిచేసుకుంటాం కదా” అన్నారు. చూపిద్దామని పాత లాట్ తెరిచాను. గేటుకు వచ్చిన తేదీ, పల్పర్‌కు ఎక్కిన తేదీ రెండూ అందులోనే ఉన్నాయి. మధ్యలో తొమ్మిది రోజులు! బంగారుపాళ్యం కాయకు ఐదే. ఎందుకింత తేడా అని షెడ్డు సూపర్‌వైజర్ నోటుపుస్తకం తెప్పించి చూస్తే, ఆ వారం బాయిలర్ నాలుగు రోజులు ఆగింది. అప్పటికే మాగిన కాయ మా షెడ్డులోనే పడి ఉంది. కాయ మాగుతున్నకొద్దీ నీరు పోయి బరువు తగ్గుతుంది, మరీ మాగితే కుళ్లు ఏరి పారేయాలి. సాఫ్ట్‌వేర్ మాత్రం గేటు కాటా బరువు మీదే రికవరీ కట్టింది. మా బాయిలర్ వల్ల పోయిన బరువంతా ఆయన కాయ ఖాతాలో పడింది.

నాకు చాలా బాధేసింది. లెక్క తప్పు కాదు, నేను దాన్ని చదివిన తీరు తప్పు. తేదీలు రెండూ తెరమీదే ఉన్నా శాతం ఒక్కటే చూశాను. ఆ రోజే చిన్నాయనతో చెప్పి ఆయన లోడ్లు మళ్లీ తీసుకున్నాం.

తర్వాత వంద క్రేట్లు పక్కన పెట్టించి తూకం వేయించాను. వచ్చిన రోజు 2,000 కిలోలు ఉన్నది ఆరో రోజుకు 1,846 అయింది, కుళ్లు తీయకముందే. అప్పటినుంచి కడిగే తొట్టి దగ్గర రెండో తూకం వేస్తున్నాం. ఇప్పుడు షెడ్డులో పోయిన బరువు వేరు, పల్పర్‌లో వచ్చిన రికవరీ వేరు. మా ఆడిటర్‌కూ ఇదే కావాలట. మామూలుగా పోయే తరుగును సరుకు ఖరీదులో కలపొచ్చు కానీ, బాయిలర్ ఆగి పాడైన అసాధారణ నష్టాన్ని కలపకూడదని అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 చెబుతుంది. దాన్ని ఆ ఏడాది ఖర్చుగానే రాయాలి. మేం అన్నాళ్లూ గుజ్జు ఖరీదులో దాచేశాం. రెండో తూకానికి సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు. అమ్మినవాళ్లను అడిగితే ‘వచ్చే అప్‌డేట్‌లో’ అన్నారు. రెండు అప్‌డేట్లు వచ్చాయి, గడి రాలేదు. ఎక్సెల్‌లో రాసుకుంటున్నాను.

2025లో ఇంకో చిక్కు. కాయ విపరీతంగా దిగి, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. లైన్లో రోజంతా ఎండిన కాయ గేటు దాటిన తేదీ చూసి ఏం తెలుస్తుంది? రేటు దగ్గరా తికమకే. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా చేశారు కదా. ఆ 4 మాది కాదు, నేరుగా రైతుకు వెళ్లేది. గేటు దగ్గర కుర్రాడు కొన్ని లాట్లకు 12 కొట్టేశాడు. మూడు రోజులు గుజ్జు ఖరీదు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించి నాకు టెన్షన్. కాటా చీటీలు ఒక్కొక్కటీ తీసి సరిచేశాను.

గుజ్జు నింపిన డ్రమ్ములు ఎన్నాళ్లుగా గోడౌన్‌లో ఉన్నాయో చూపే రిపోర్టు కూడా పనికొచ్చింది. కిలో 50 రూపాయలు పడిన గుజ్జు 215 కిలోల డ్రమ్ములో గోడౌన్‌లో కూర్చుంటే, పది శాతం వడ్డీ మీద ఒక్కో డ్రమ్ముకు నెలకు 90 రూపాయల దాకా పోతుంది. అది చూశాక మంచి రేటు వస్తుందేమోనని ఆగడం చిన్నాయన బాగా తగ్గించారు.

కొనమంటావా అని అడిగితే మా సంగతే చెప్పగలను. మాకు సొంత వే బ్రిడ్జి ఉంది, లాట్ చీటీ క్రేట్ల వెంటే కదిలేలా చూసే సూపర్‌వైజర్ ఉన్నాడు, కాయ పాతిక చోట్ల నుంచి వస్తుంది. అందుకే పెట్టిన డబ్బు వెనక్కి వచ్చిందని నా నమ్మకం. రెండు మూడు తోటల కాయే ఆడే చిన్న క్యానింగ్ యూనిట్‌కు ఇంత అక్కర్లేదేమో. రాత్రి షిఫ్టులో లాట్లు కలిపేసే అలవాటున్న చోట ఇంకా ఇబ్బంది. మా దగ్గర ఇప్పటికీ నెలలో రెండు మూడుసార్లు కలుస్తాయి, ఆ రోజుల అంకెలు నేను పక్కన పెట్టేస్తాను.