బిగ్దెలాగ్ వాళ్ల దగ్గరికి ఇంటిపేరు పట్టుకుని వెళ్తే లాభం లేదు

మా అత్తగారిది మినెసోటా, వాళ్ల పూర్వీకులు నార్వే వాళ్లు. పోయిన వేసవిలో ఆవిడ్ని ఒక బిగ్దెలాగ్ స్టెవ్నెకి, అంటే వాళ్ల వార్షిక సమావేశానికి, దింపి వచ్చేద్దామని వెళ్లి సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాను. బిగ్దెలాగ్ అంటే నార్వేలో ఒకే ప్రాంతం నుంచి వచ్చినవాళ్ల సంఘం. మన తానాలా అందరికీ కలిపి ఒకటి కాదు, వాల్‌డ్రెస్ వాళ్లది వేరు, టెలెమార్క్ వాళ్లది వేరు, హాడెలాండ్ వాళ్లది వేరు. 1899లో మినియాపొలిస్‌లోని మిన్నెహాహా పార్కులో వాల్‌డ్రెస్ వాళ్లు కలుసుకోవడంతో మొదలైందట.

కట్టిన డబ్బుకి న్యాయం జరిగేది వంశవృక్షాలు వెతికే గదిలో. అత్తగారు ఇంటిపేరు చెప్పగానే బల్ల దగ్గరున్న పెద్దాయన నవ్వి, "అది పక్కన పెట్టండి, మీరు ఏ ఫార్మ్ వాళ్లు?" అన్నారు. విషయమేంటంటే ఆ రోజుల్లో ఓలే కొడుకు లార్స్ ఓల్సెన్, ఆ లార్స్ కొడుకు లార్సెన్, వెనకాల తగిలించుకునేది ఉంటున్న ఫార్మ్ పేరు, ఫార్మ్ మారితే అదీ మారిపోయేది. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని చట్టం వచ్చింది 1923లో. మన ఇంటిపేర్లలోనూ బోలెడు ఊళ్ల పేర్లే, కానీ ఊరు మారితే ఇంటిపేరు మార్చుకోం కదా! ఫార్మ్ తెలిస్తే మాత్రం పని సగం అయినట్టే, ఎందుకంటే బిగ్దెబోక్ అని ఏ ఫార్మ్‌లో తరతరాలుగా ఎవరెవరున్నారో రాసిన లావుపాటి పుస్తకాలున్నాయి. దాదాపు అన్నీ నార్వేజియన్‌లోనే. ఆ పెద్దాయన పక్కన కూర్చుని లైను లైనూ చదివి చెప్పారు, విడిగా ఒక్క డాలరు తీసుకోలేదు. 1865 జనాభా లెక్కలు కూడా ఆన్‌లైన్‌లో ఫ్రీగా తీసి చూపించారు.

మిగతాదంతా ఓ మోస్తరు. సర్వసభ్య సమావేశం మహా బోరు. వచ్చినవాళ్లలో నలభై దాటనిది నేనొక్కదాన్నే అనుకుంటా, వెబ్‌సైట్ చూస్తే అది ఎందుకో అర్థమవుతుంది. లెఫ్సె అని బంగాళదుంపతో చేసే పల్చటి రొట్టెకి వెన్న, చక్కెర పూసి చుట్టి పెడతారు, బొబ్బట్టు అనుకుని నోట్లో పెట్టుకుంటే నిరాశే, రెండోది మాత్రం అడిగి తిన్నా.

వెళ్లేవాళ్లు ఇంట్లో పాత బైబిల్ ఉంటే తీసుకెళ్లండి, మొదటి పేజీల్లో ఫార్మ్ పేరు రాసి ఉండొచ్చు. మేం మర్చిపోయి, అక్కణ్నుంచి ఫోన్ చేసి మా మామగారిని అటక ఎక్కించాం.