తేళ్ల టార్చ్, తలుపు కింది కుచ్చు: మూడేళ్లు వాడాక

మాది సిరొంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా చిట్టచివర, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. నదికి అవతల కాళేశ్వరం. మా ఇల్లు మామగారి తండ్రి కట్టించినది: పెంకుల కప్పు, మట్టిగోడలు, వెనక కట్టెల కొట్టం. నేను కాపురానికి వచ్చిన మొదటి రాత్రే మా అత్తయ్య పక్క ఎత్తి, దులిపి, దిండు తిరగేసి చూపించి, రోజూ ఇలా చేయమని చెప్పింది. అంతవరకే మా జాగ్రత్త. తేళ్లు వస్తాయి, చూసుకుని నడవాలి అనుకునేవాళ్లం. రాకుండా చేయవచ్చని ఎవరికీ తట్టలేదు.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు ఇంటినిండా చుట్టాలు దిగారు. మంచాలు చాలక నడవలో చాపలు పరిచాం. ఒక రాత్రి మా ఆడపడుచు కొడుకును, ఆరేళ్లవాడిని, మడమ దగ్గర ఎర్ర తేలు కుట్టింది. పిల్లాడు చాలాసేపు ఏడ్చి, ఉన్నట్టుండి ఊరుకున్నాడు. తగ్గిందనుకున్నాం. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే ఒళ్లంతా చెమట, అరచేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. వెంటనే వాంతి. మంత్రం వేయిద్దామని ఎవరో అంటుండగానే మా వారు బండి తీశారు. ఆసుపత్రిలో ప్రాజోసిన్ మాత్ర వేసి, గంటగంటకూ నాడి చూస్తూ తెల్లవారేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. పిల్లాడు దక్కాడు. ఆ విషానికి రక్తనాళాలు బిగుసుకుని గుండె మీద భారం పడుతుందట, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందట. రక్తపోటుకు వాడే ఆ మాత్ర బిగుసుకున్న నాళాలను సడలిస్తుంది. దాన్ని తేలుకాటుకు వాడి ప్రాణాలు నిలిపినవారు మన మహారాష్ట్రలోనే, కొంకణ్ వైపు మహాడ్‌లో వైద్యం చేసే డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. 2022లోనే ఆయనకు పద్మశ్రీ ప్రకటించారని తర్వాత చదివి, చూడని ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టుకున్నాను.

మే నెలలో మా తమ్ముడు సౌదీ నుంచి సెలవుపై వచ్చాడు. విషయం విని, సంచిలోంచి బెత్తెడు టార్చ్ తీసి నా చేతిలో పెట్టాడు. "అక్కా, ఎడారిలో మా క్యాంపు చుట్టూ పసుపు తేళ్లు, లావు తోక నల్ల తేళ్లు తిరుగుతాయి. బూట్లు దులపకుండా ఎవరమూ తొడుక్కోం. రాత్రి ఈ టార్చ్‌తో గది చుట్టూ ఒకసారి తిరిగి చూసి పడుకుంటాం" అన్నాడు. అది అతినీలలోహిత కాంతి టార్చ్. ఆ వెలుగు పడితే తేలు పైపెంకు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ రాత్రే దీపాలన్నీ ఆర్పి కొట్టం వైపు వెళ్లాం. కట్టెల మీద వెలుగు పడగానే, పగలు నేను చేయి పెట్టి పుల్లలు లాగే చోటే, రేడియం గడియారం ముళ్లలా మూడు మెరిశాయి. ఒకదాని వీపు మీద పిల్లలున్నాయి. తల్లి పచ్చగా వెలుగుతుంటే అవి మాత్రం మెరవకుండా బియ్యపు గింజల్లా తెల్లగా అంటుకుని ఉన్నాయి. నా కాళ్లు కదల్లేదు.

టార్చ్ సంగతి ముందు చెబుతాను. తమ్ముడిచ్చినది 395 నానోమీటర్లది (అది కాంతి తరంగం పొడవు). దాని వెలుగులోనే ఊదారంగు ఎక్కువ కాబట్టి, సున్నం కొట్టిన గోడ మీద చిన్న తేలు కళ్లకు ఆనదు. ఏడాది తర్వాత 365 నానోమీటర్లది కొన్నాను. ధర దాదాపు మూడింతలు, కానీ ఆ డబ్బుకు విచారం లేదు. ఊదా మసక తక్కువ, తేలు దూరం నుంచే విడిగా కనిపిస్తుంది. సబ్బుపొడితో ఉతికిన తెల్లబట్టలు, కాగితాలు కూడా మెరుస్తాయి, అయితే నీలంగా. వారం వాడితే తేడా తెలిసిపోతుంది. కొత్తగా కుబుసం విడిచిన తేలు సరిగా మెరవదు కాబట్టి మెరుపు కనిపించలేదని చెప్పులు లేకుండా తిరగకూడదు. ఆ కాంతి కళ్లలోకి పడకూడదు, పిల్లల చేతికి ఆటకు ఇవ్వకూడదు.

టార్చ్ తేలును ఆపదు. ఎటు నుంచి వస్తోందో చూపిస్తుంది. నెల రోజులు రాత్రి తొమ్మిదికి ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తిరిగి, ఎక్కడ కనిపించిందో క్యాలెండర్ మీద రాసుకున్నాను. నేను కప్పు మీద అనుమానంతో ఉన్నాను. క్యాలెండర్ చూస్తే సగానికి పైగా వెనక తలుపు గడప దగ్గరే. వంగి చూస్తే కారణం తెలిసింది. మూడు తరాల కాళ్లు తొక్కి తొక్కి ఆ టేకు గడప మధ్యలో పల్లంగా అరిగింది. పసుపు రాస్తూ రోజూ చేత్తో తడిమే గడపే, ఆ పల్లం నాకు ఎప్పుడూ కనిపించలేదు. తలుపు వేశాక రెండు చివర్లా బిగుతుగా ఉన్నా, నడుమ చిటికెన వేలు దూరే సందు ఉంది. తేలు ఒళ్లు పలచన, రెండు మూడు ఏటీఎం కార్డులు కలిపి దూరే సందు చాలు చిన్న తేలుకు.

మొదట జిగురుతో అంటించే రబ్బరు పట్టీ వేయించాం. అది దండగ. మా ఎండలకు ఒక్క వేసవిలోనే గట్టిపడి, అంచులు పైకి లేచి ఊడింది. రెండోసారి వడ్రంగిని పిలిచి, అల్యూమినియం పట్టీకి బ్రష్షులాంటి దట్టమైన కుచ్చు ఉన్నది తెప్పించి మరలతో బిగించాం. ముందుగా గడప పల్లంలో టేకు చెక్క అతికించి చదును చేశాడు. ఆ చెక్క లేకపోతే ఎంత మంచి కుచ్చయినా ఉపయోగం లేదు. ఇప్పటికి రెండు వేసవులు, రెండు వానాకాలాలు గడిచాయి. కుచ్చు చివరలు కాస్త వంగాయి, పని మాత్రం చేస్తోంది. ఊడ్చేటప్పుడు అందులో ఇసుక ఇరుక్కుంటుంది, వారానికోసారి పాత పళ్ల బ్రష్షుతో దులపాలి.

2022 జూలైలో గోదావరి వరద వచ్చినప్పుడు నేలబొరియల్లోంచి అన్నీ మెరకకు చేరాయి. అప్పటికి రబ్బరు పట్టీయే ఉంది, అయినా నడవలో తేలు కనిపించలేదు. వసారా మాత్రం తేళ్లతో నిండింది. పెద్ద మండ్రగబ్బలను పట్టకారుతో గాజు సీసాలో వేసి దూరంగా వదిలాం. నున్నటి గాజును అవి ఎక్కలేవు, కాళ్లు జారుతూనే ఉంటాయి. చూడటానికి భయంకరంగా ఉన్నా ఎర్ర తేలంత ప్రమాదం వాటితో లేదు. ఎర్ర తేలును మాత్రం వదలను.

మిగతావి క్లుప్తంగా. పురుగుమందు చల్లితే బొద్దింకలు తగ్గాయి, తేళ్లకు తిండి తగ్గింది, అంతవరకే మేలు. తేళ్లు నేరుగా ఆ మందుకు సులువుగా చావవు. కర్పూరం ఉండలతో నాకు ఏ ఫలితమూ కనిపించలేదు. కట్టెలను ఇంటి గోడకు దూరంగా, ఇటుకల మీద పేర్చడం పైసా ఖర్చు లేని పని, ఎంతో ముందే చేయవలసింది. వెనక వాకిట్లో తెల్ల బల్బు తీసి పసుపుపచ్చది పెట్టాం. పురుగులు తక్కువ చేరుతున్నాయి. కోళ్లు పగలు రాళ్ల కింద గోకి తేళ్లను తింటాయి, నిజమే, కానీ తేలు తిరిగే వేళకు కోడి నిద్రపోతుంది.

పెంకుల కప్పుకు నా దగ్గర పరిష్కారం లేదు. దూలం మీంచి ఏడాదికి రెండు మూడు పడుతూనే ఉన్నాయి. దానికి దోమతెరే రక్ష, నాలుగు వైపులా పరుపు కిందికి దోపాలి.

మట్టిల్లు, పెంకుటిల్లు ఉన్నవారు ఒక్కటే కొనగలిగితే కుచ్చు కొనండి, టార్చ్ నెల రోజులకు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మా ఆడపడుచు ఈ వేసవిలో వచ్చినప్పుడు పాత 395 టార్చ్‌ను ఆమె సంచిలో పెట్టాను. వాళ్ల మంథని ఇంట్లో కూడా గడప చెక్కదే, మధ్యలో అరిగే ఉంది.